పిల్లగుర్రం చిక్కిన చలికాలం

"అమ్మా, దీని పొట్టకి మెట్లున్నాయే!" అంది మా పెద్దమ్మాయి.

ఆ క్షణం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చింది. నరసరావుపేటలో మా ఇంటి వెనక సందులో, జట్కా బాబాయి పాక ముందు నిలబడి ఉన్నాం. చంటివాడు నా చంకలో ఉన్నాడు. అమ్మాయి పిల్లగుర్రం పక్కన చేరి, రెండు వేళ్ళను మనిషి కాళ్ళలా నడిపిస్తూ దాని డొక్క మీద ఎక్కి దిగుతోంది. పైకి చూస్తే గుర్రానికేమీ లోటు లేదు. చలికాలపు బొచ్చు ఒత్తుగా పెరిగి, ఎండ పడితే తోమిన రాగిచెంబులా మెరుస్తోంది. నేను చెయ్యి ఆ బొచ్చులోకి దూర్చాను. వేళ్ళకు కండ తగల్లేదు. పక్కటెముకకూ పక్కటెముకకూ మధ్య నా వేలు ఇమిడిపోయింది.

ఆ స్పర్శ నా చేతికి తెలిసిందే. పల్లెల్లో పసిపిల్లల్ని తూకం వేయడం నా పని. బుగ్గలు నిండుగా కనిపించే పిల్లవాడికి చొక్కా విప్పగానే ఒక్కోసారి చేతికి ఇదే తగిలేది.  

పిల్లలు పడుకున్నాక లాంతరు తగ్గించి ఇది రాస్తున్నాను. కొత్తగా గ్రామసేవికలుగా చేరుతున్న మీలో కొందరు, చంటిబిడ్డతో ఈ ఉద్యోగం ఎలా నెట్టుకొచ్చారని నన్ను అడుగుతున్నారు. దానికి నా దగ్గరున్న జవాబు ఒక గుర్రం కథ. పదవీ విరమణ చేసిన పెద్దలు చెప్పుకోవలసిన రకం కథే, కాని అంతవరకు ఆగితే ఇందులో సగం మరిచిపోతాను.

గుంటూరులో కాలేజీ చదువు, ఆపైన శిక్షణ పూర్తి చేసి పంచాయతీ సమితిలో గ్రామసేవికగా చేరాను. నా ఊళ్ళు నకరికల్లు దారిలో, బస్సు రోడ్డుకు బాగా లోపల ఉండేవి. మా వారి ఉద్యోగం మాచర్లలో. ఆదివారాలు రైల్లో వచ్చి వెళ్ళేవారు. ఇంట్లో మా అత్తయ్య, నేను, ఇద్దరు పిల్లలు. పాలు తాగే పిల్లవాణ్ణి వదిలి పొద్దుగూకేదాకా ఊళ్ళు తిరగడం కుదరదు. అందుకని వాణ్ణి వెంట తీసుకువెళ్ళేదాన్ని. నేను మహిళామండలిలో మాట్లాడుతుంటే, బయట చెట్టు నీడన జట్కా ఆపుకుని, గూడుకు నా పాత చీరతో కట్టిన ఉయ్యాలలో వాణ్ణి ఊపుతూ బాబాయి కూర్చునేవాడు. మరే జట్కావాడూ ఆ గులకరాళ్ళ డొంకలోకి వచ్చేవాడు కాదు. వచ్చినా పిల్లవాణ్ణి ఊపుతూ కూర్చునేవాడు కాదు.

బాబాయి మాకు చుట్టం కాదు. వెనక సందు వాళ్ళు కనుక బాబాయి, పిన్ని. మనిషి సన్నం, మీసం మాత్రం ఇద్దరికి సరిపోతుంది. ఆయన ముసలి గుర్రానికి ముందు కాలు పట్టేస్తోంది. దాని తరువాత బండి లాగడానికని కిందటి వేసవిలో ఈ పిల్లదాన్ని కొనుక్కొచ్చాడు. వానాకాలమంతా అది బాగానే సాగింది. చలి మొదలయ్యాక మొదలైంది తంటా. దాణా పెడితే మూతితో కెలికి, రెండు నోళ్ళు తిని, తుమ్మి, తల తిప్పుకునేది. జొన్నచొప్పలో ఆకు ఏరుకుని కాడ వదిలేసేది.

"రాజుగారి గుర్రమనుకుంటంది," అనేది పిన్ని. "ఆ ముసలిది చూడు, చాప పరిస్తే చాప తింటది. దీనికేమో ఏది పెట్టినా మూతి వంకరే!"

నేను చెయ్యి తీసి బాబాయి వైపు చూశాను. "బాబాయ్, ఇది చానా చిక్కింది. తెలుసా?"

 ఆయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "తెలుసమ్మాయ్. నలుగురికీ తెలీకూడదని గోనెపట్టా కప్పి తిప్పుతన్నా. శివరాత్రికి ఇది బండికి రావాల. కోటప్పకొండ తిరనాళ్ళ రాబడే మాకు సగం ఏడాది కూడు. ముసలిది అందాకా నిలవదు. ఇది రాకపోతే పిడుగురాళ్ల సున్నపు బట్టీల బేరగాడు కాసుక్కూచున్నాడు. దీన్ని వాడికిచ్చేసి, దీనెనకే నేనూ పోయి సున్నపురాయి మోసుకుంటా."

బేరగాడికి ఇస్తే రాళ్ళ మోత కింద ఆ పిల్లగుర్రం గతి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. బాబాయి బట్టీకి పోతే నా గతీ తెలుసు. మా అత్తయ్య అప్పటికే రోజూ అంటోంది: "ఊళ్ళో పిల్లల బరువులు చూసే దానివి, ఇంట్లో పిల్లాణ్ణి ఎండన పడి తిప్పుతన్నావు. మానెయ్యరాదూ?" వాణ్ణి ఉంచుకోమంటే మాత్రం, "నీ ఉద్యోగం, నీ బిడ్డ. నాకేంది?" అనేసేది. జట్కా లేకపోతే నేను రాజీనామా రాయక తప్పదు.

మరునాడే పశువుల ఆసుపత్రి డాక్టరు గారిని పిలుచుకొచ్చాను. మా సమితి ఆఫీసు పక్కనే ఆయన ఆసుపత్రి. గేదెలంటే ప్రాణం, గుర్రాలంటే కొంచెం భయం. బాబాయి తల పట్టుకుంటే పళ్ళు చూశారు. పేడ చూశారు. పురుగుల మందు పోశారు.

"పళ్ళు బాగున్నాయి, జ్వరం లేదు. తిండి తినటం లేదు, అంతే," అన్నారు.

"అది మాకూ తెలుసుగదా డాట్రు గారూ," అంది పిన్ని.

"నాకూ అంతవరకే తెలుసమ్మా," అన్నారాయన నవ్వుతూ. "చలికి కొన్ని ఇట్లాగే చిక్కుతాయి. వెచ్చగా ఉంచండి. ఇవాళే కుండెడు పెట్టి కడుపునొప్పి తెప్పించకండి. ఈవిడ గారు ఊళ్ళో పిల్లలకు పంచే పాలపొడి మాత్రం పొయ్యొద్దు, ఆడిట్లో నేనిరుక్కుంటా."

వెచ్చగా ఉంచాం. పాకకు తాటాకు తడిక కట్టించాం. మా పెళ్ళినాటి కంబళి గుర్రం మీదికి వెళ్ళింది. అత్తయ్య దిష్టి తీసి మెడకు నల్లతాడు కట్టింది. తవుడులో బెల్లం కలిపితే పిల్లది బెల్లం గడ్డ వరకే నాకి వదిలేసింది. వేరుశనగ చెక్క పెడితే వాసన చూసి వెనక్కి జరిగింది. మా పెద్దమ్మాయీ అన్నం దగ్గర అదే తంతు. ఒకే పూటలో ఇద్దరినీ బతిమాలి, ఇద్దరి చేతుల్లోనూ ఓడిపోయి, గోడకానుకుని కూర్చున్న రోజులున్నాయి. పైగా చంటివాడికి కూడా పక్కటెముకలు తగులుతున్నాయేమోనని పడుకున్నవాడి చొక్కా ఎత్తి చూసేదాన్ని. తల్లి అయ్యాక భయం ఒకచోట ఉండదు. గుర్రం మీద మొదలై పిల్లవాడి మీదికి దూకేది.

ఇక్కడ ఉలవచారు సంగతి చెప్పాలి. మన వైపు చలికాలం వచ్చిందంటే ఉలవచారు లేని ఇల్లుండదు. పిన్ని చేతి చారుకు మా వీధిలో పేరు. నేను పాలిచ్చే తల్లిననీ, ఒంట్లో వేడి ఉండాలనీ, రోజు మార్చి రోజు ఒక చెంబు మా ఇంటికి పంపేది. చిక్కగా, నల్లగా, పైన మీగడ వేసుకుంటే ఇక వేరే కూర అక్కర్లేదు. అత్తయ్య ఆ చెంబు కోసం గుమ్మంలో కూర్చునేది. బదులుగా మేం చింతపండో, గేదె ఈనితే జున్నో పంపేవాళ్ళం. వీధిలో మరో రెండిళ్ళకూ అలాగే వెళ్ళేది.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం లోపలి ఊళ్ళో వంట నేర్పే కార్యక్రమం పెట్టాను. ఆ ఏడాది నేను ప్రతి ఊళ్ళో చెప్పే మాట ఒకటే: అన్నం వార్చి గంజి పారబోయొద్దు, బలమంతా అందులోనే పోతుంది. కట్టెల పొయ్యి మీద సరిపడా నీళ్ళతో అన్నం వండి చూపిస్తున్నాను. జట్కా గుమ్మానికి ఎదురుగానే ఆగి ఉంది. ముసలి గుర్రం నిలబడే కునుకుతోంది. బాబాయి ఉయ్యాల ఊపుతూ నా ప్రసంగం వింటున్నాడు. అప్పటికి అది ఆయనకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ చెయ్యెత్తింది. "అమ్మాయ్, మేం గంజి పారబొయ్యం. గొడ్లకి పోస్తాం. అందుకే మా గొడ్లు నిగనిగలాడతన్నయి, మేం ఎండిపోతన్నాం."

"అవ్వా, అయితే ఇక నుంచి నువ్వు తాగు, నిగనిగలాడతావు," అందొక కోడలు పిల్ల. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగుదారిలో బాబాయి నోరు విప్పలేదు. మామూలుగా గుర్రంతో, దారిన పోయేవాళ్ళతో, నిద్రపోతున్న పిల్లవాడితో కూడా మాట్లాడే మనిషి. కాలవ తవ్వకాల దగ్గర లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోతే దాన్ని కూడా తిట్టలేదు. చివరికి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"అమ్మాయ్. మా పిల్లదానికి ఉలవలు ఉడకేస్తది గదా మీ పిన్ని."

"అవును."

"ఆ ఉడికిన నీళ్ళు ఎవరు తాగుతన్నారు?"

జట్కా కొంతదూరం సాగింది.

"మేము," అన్నాను.

"నేనూ తాగుతన్నాలే," అన్నాడు బాబాయి. "రాత్రి కూడా రెండుసార్లు పోసుకున్నా."

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎండాకాలం ఉలవచారు వేడి చేస్తుందని ఎవరూ ముట్టరు. అప్పుడు పిన్ని ఉలవలు ఉడికించి, నీళ్ళతో సహా కుండ తెచ్చి గుర్రం ముందు పెట్టేది. వానల్లోనూ అంతే. చలి పడగానే వీధంతా చారు మీద పడింది. నీళ్ళు ఎక్కువ పోసి, ఉలవలు పిప్పి అయ్యేదాకా కాచి, ఆ ఉడికిన నీళ్ళు, అదే కట్టంతా వంచి మా ఇళ్ళకు చారు చేసి, మిగిలిన చప్పిడి పిప్పి మర్నాడు పొద్దున్న చల్లగా గుర్రానికి పెడుతోంది. ముసలిది చాప తినే రకం కనుక అదీ తినేసింది. పిల్లది తినలేదు. మేమంతా చలిని తిట్టుకున్నాం. తరాల తరబడి మన ఇళ్ళలో ఉలవచారు అలాగే కాస్తున్నారు. పాడిగొడ్లూ, ఎడ్లూ ఆ పిప్పి తిని బతుకుతూనే ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

డాక్టరు గారికి చెబితే కాసేపు పగలబడి నవ్వి, తరువాత సర్దుకున్నారు. "బలమంతా కట్టులోనే ఉందనుకోకండి, పిప్పిలోనూ ఉంది. కాని రుచి పోయింది, వేడి పోయింది, నీళ్ళు పోయాయి. చలికాలం గుర్రం నీళ్ళు తక్కువ తాగుతుంది. మన బావుల చవుడు నీళ్ళు చల్లగా ఉంటే అసలు ముట్టదు. కడుపులో నీళ్ళు లేకపోతే చొప్పెట్లా దిగుద్ది? కట్టుతో సహా గోరువెచ్చగా పెట్టండి, చిటికెడు ఉప్పు వేయండి. కొద్దికొద్దిగా పెంచండి."

ఇది పిన్నికి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. వీధిలో ఆమె పేరూ, మర్యాదా ఆ చారులో ఉన్నాయి. మేం చారు వద్దంటే ఇన్నాళ్ళ ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా వద్దన్నట్టే. నేను నసుగుతుంటే అత్తయ్య మధ్యలోనే అందుకుంది.

"ఏందే, తిప్పుతా చెప్తన్నావు? గుర్రం నోటికాడిది మనం జుర్రుకుంటన్నామనేగా?" అని లేచి, ఆ సాయంత్రం వచ్చిన చెంబు చూసింది. "ఇందులో చింతపండు పడిపోయింది, ఇది మనం తాగాల్సిందే. రేపట్నుంచి నాకొద్దు." చెంబు ఖాళీ చేసి, తనే వెనక సందులోకి వెళ్ళింది.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. పిన్ని గొంతు ఒకసారి పెద్దగా వినిపించింది: "అంటే నా గుర్రాన్ని నేనే మాడ్చుకున్నాననా అక్కా?" తరువాత అత్తయ్య గొంతు: "నువ్వు కాదే, మేం మాడ్చాం. నువ్వు కాచావు, మేం తాగాం. ఏడవమాక, కుండ దించు."

మర్నాటి పొద్దున్న ఉలవలు కట్టుతో సహా గోరువెచ్చగా తొట్టిలో పోస్తే, పిల్లగుర్రం మూతి ముంచి, తల ఎత్తి, తుమ్మి అందరి మీదా చిమ్మింది. "ఇంక అయిపోయింది," అన్నాడు బాబాయి. అత్తయ్య తన చెయ్యి తొట్టిలో ముంచి దాని పెదవులకు పట్టింది, పిల్లలకు గోరుముద్ద అందించినట్టు. అది నాకింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ నాకింది. మూడోసారి చెయ్యి కోసం ఆగకుండా తొట్టిలోనే మూతి పెట్టింది. అడుగున కొంచెం మిగిల్చినా, చొప్ప దగ్గరికి తనంతట తానే వెళ్ళింది. అత్తయ్య చెయ్యి చీరకు తుడుచుకుంటూ, "దీనికి పెట్టేవాళ్ళు లేక గాని, తినక కాదు," అని పిన్నికి వినపడేట్టు అంది. ఇక ఆనాటి నుంచి ఇద్దరూ పోటీ. పిన్ని కాచేది, అత్తయ్య తినిపించేది. కుండలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఒకరు, ఉప్పు తక్కువైందని ఒకరు. నేను వారానికొకసారి బొచ్చులో చెయ్యి పెట్టి చూసేదాన్ని. వేళ్ళ మధ్య పల్చగా ఏదో చేరుతోంది. సంతోషం పట్టలేక ఆఫీసులో చెబితే, తోటి సేవిక, "నీ పిల్లల బరువు కూడా ఇంత శ్రద్ధగా చెప్పవు కదే," అంది.

అంతా సర్దుకుంటోందనుకుంటుండగా అసలు రోజు వచ్చింది. లోపలి ఊళ్ళో మా మహిళామండలి చూడడానికి జిల్లా నుంచి అధికారులు వస్తున్నారు. ఆలస్యం కారాదని ముందే హెచ్చరించారు. పొద్దున్నే చంటివాణ్ణి ఎత్తుకుని సందులోకి వెళ్ళేసరికి, ముసలి గుర్రం ముందు కాలు నేల మీద ఆనించలేక నిలబడి ఉంది. పక్కనే పిడుగురాళ్ల బేరగాడు. సున్నంతో తెల్లబడిన చెప్పులు, భుజాన తువ్వాలు. పిల్లదాని డొక్క తడుముతున్నాడు.

"కోలుకుంటందే! ఇప్పుడైతే మంచి ధర వచ్చుద్ది బాబాయ్. ఆగావా, ముసలిది పోద్ది, దీన్ని తొందరపడి బండికి కడతావు, ఇదీ చెడుద్ది. రెంటికీ చెడతావు."

బాబాయి నా వైపు చూశాడు. "అమ్మాయ్, ఇవాళ నీకు పెద్దాఫీసర్లు గదా. పిల్లదాన్ని కట్టి చూద్దామా? లాగిందనుకో, వీణ్ణి పొమ్మంటా. లాగలేదనుకో..." అని ఆపేశాడు.

నేను పిల్లదాని బొచ్చులో చెయ్యి పెట్టాను. ముందుకంటే ఎంతో నయం. కాని వీపు మీద కండ ఇంకా నిలవలేదు. ఆ గులకరాళ్ళ డొంక, నేను, పిల్లవాడు, బాబాయి, నా సామాను. ఇవాళ లాగితే లాగవచ్చు. మోకాలు పట్టేస్తే ఇన్నాళ్ళ కుండలన్నీ వృథా. లాగకపోతే, ఎదురుగా తువ్వాలు దులుపుకుంటూ నిలబడ్డవాడు సిద్ధంగా ఉన్నాడు.

"వద్దు బాబాయ్. నేను బస్సెక్కి రోడ్డు దగ్గర దిగి నడుస్తా."

"బిడ్డతోనా? అంత దూరం?" అన్నాడు బేరగాడు. "గుర్రం కోసమా? ఏం చదువుకున్నావమ్మా నువ్వు!"

అప్పుడు వెనక నుంచి అత్తయ్య వచ్చి చంటివాణ్ణి నా చంకలోంచి లాక్కుంది. "నడిచేదానికి బరువెందుకు? రాగిజావ కాచిపెట్టా, తాగుతాడు. నువ్వు పో." ఆవిడ వాణ్ణి ఉంచుకోవడం అదే మొదటిసారి.  బాబాయి బేరగాడి వైపు తిరిగాడు. "విన్నావుగా. ఆ అమ్మాయి నడుస్తానంటుంటే నేను అమ్ముతానా? శివరాత్రికి కొండ కాడ కనపడు, జట్కాలో కూచోబెట్టి తిప్పుతా. చార్జీ మాత్రం తీసుకుంటా."

నేను చేరేసరికి అధికారులు వచ్చి, చూసి, జీపెక్కుతున్నారు. నా కోసం ఆగకుండా ఆ ఊరి ఆడవాళ్ళే పొయ్యి వెలిగించి, అన్నం వండి, గంజి సంగతి చెప్పారట. చెప్పింది ఆ అవ్వే. గొడ్ల మాట కూడా వదలకుండా చెప్పిందట. మా సమితి అధికారి గారు మాత్రం చెమటతో, ఎర్రదుమ్ముతో ఉన్న నన్ను చూసి, "ఏమిటమ్మా ఇది? ఒక వాహనం కూడా చూసుకోలేకపోయారా?" అన్నారు.

"చూసుకున్నానండీ. ఇంకా పెరుగుతోంది," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మెమో ఇచ్చారు. అది తీసుకుని మళ్ళీ నడిచాను.

శివరాత్రి దగ్గర పడుతుండగా డాక్టరు గారు వచ్చి, డొక్క తట్టి, వీపు నొక్కి, "ఊఁ, కట్టుకో," అన్నారు. ముందు ఖాళీ బండి. తరువాత బాబాయి ఒక్కడు. ఆ తరువాత నన్నెక్కమన్నాడు. పిల్లల్ని దించి అత్తయ్యకప్పగించి, ఆవిడ చూడకుండా దణ్ణం పెట్టుకుని ఎక్కాను. కాలవ పనుల దగ్గర లారీ హారన్ కొడితే అది నిలబడిపోయి, చెవులు నిక్కించి వణికింది.  బాబాయి కొరడా తియ్యలేదు. పగ్గం వదులు చేసి, "ఆ లారీ కూడా నీకు బాబాయేలే, నడువు," అన్నాడు. కాసేపు ఆలోచించుకుని నడిచింది. ఊరికి వెళ్ళాం, వచ్చాం. సందు మొదట్లోకి రాగానే పిన్ని కుండతో ఎదురొచ్చింది.

మర్నాడు పొద్దున్న బడి వేళకు పెద్దమ్మాయి పలక పట్టుకుని జట్కా ముందు నిలబడింది. ఇవాళ తను దీని మీదే బడికి వెళ్ళాలట. చంటివాడు నా చంకలోంచి ముందుకు దూకుతున్నాడు. పిల్లగుర్రం తొట్టిలో మూతి పెట్టి నింపాదిగా తింటోంది. అటు బడి గంట మోగింది. "అమ్మా, తొందరగా చెయ్యమను దాన్ని, ఎక్కుదాం!" అంటూ అమ్మాయి గంతులు వేస్తోంది.

నేను వాళ్ళిద్దర్నీ పట్టుకుని తొట్టి పక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"ఆలస్యమైతే మీ టీచరు గారికి నేనొచ్చి చెప్తాను. ముందు దాన్ని తిననివ్వండి," అన్నాను.